జెర్రిపోతును చంపి ఎలుకల మందు కొంటున్నాం

మొన్న ఆదివారం మా పక్క చేలో ఒక జెర్రిపోతును కొట్టి చంపారు. ఆరడుగుల పైనే ఉంటుంది. నేను వెళ్లేసరికి గట్టు మీద పడి ఉంది, నోట్లోంచి ఎలుక తోక ఇంకా బయటికి వేలాడుతోంది. మన వరి తినే ఎలుకని అది మింగుతుండగానే నడుం విరగ్గొట్టారు. నాకు కడుపు తరుక్కుపోయింది.

"దానికి విషం లేదు కదా బాబాయ్, ఎందుకు చంపావు?" అంటే, "పామంటే పామేరా. పైగా ఇది తాచుతో జత కడుతుంది" అన్నాడు. జెర్రిపోతు వేరు, తాచు వేరు, ఈ రెండూ జత కట్టవు. మనం పెనవేసుకోవడం చూసి జత అనుకునేది చాలాసార్లు రెండు మగ జెర్రిపోతుల కుస్తీ. పైగా అవకాశం దొరికితే తాచు జెర్రిపోతును తినేస్తుంది.

రెండు రోజుల తర్వాత అదే బాబాయ్ ఎలుకల మందు పొట్లాలు తెచ్చుకున్నాడు. నా బాధంతా ఇక్కడే. ఎలుక మూడు వారాలు మోసి, ఒక్క ఈతలో ఆరేడు పిల్లల్ని పెడుతుంది. ఆ పిల్లలు కొద్ది నెలల్లోనే మళ్లీ ఈనతాయి. జెర్రిపోతు మామూలుగా ఏడాదికోసారి గుడ్లు పెడుతుంది, పిల్ల పెద్దదై గుడ్లు పెట్టడానికి ఎలుక కంటే చాలా ఎక్కువ కాలం పడుతుంది. రెంటినీ చంపితే ముందు తేరుకునేది ఎలుకే. ఎలుకలు తగ్గితే తిండి లేక మిగిలిన పాములూ తగ్గుతాయి, అప్పుడు ఎలుకలకి అడ్డే ఉండదు.

ఇది నా సొంత లెక్క కాదు. మొదటి ప్రపంచ యుద్ధంలో ఏడ్రియాటిక్ సముద్రంలో వేటకి వెళ్లే పడవలు తగ్గాయి. మనుషులు పట్టడం తగ్గింది కాబట్టి మామూలు చేపలు పెరగాలి కదా? కానీ ఆ ఏళ్లలో మార్కెట్‌కి వచ్చిన చేపల్లో సొరల్లాంటి వేటాడే చేపల వాటా పెరిగింది. ఉంబెర్టో డాంకోనా అనే జీవశాస్త్రవేత్త ఈ చిక్కు ప్రశ్నను తన మామగారు, గణితవేత్త వీటో వోల్టెర్రా ముందు పెట్టాడు. 1926లో వోల్టెర్రా లెక్క తేల్చాడు. తినేదాన్నీ, దానికి తిండి అయ్యేదాన్నీ ఒకే తీరున చంపుతూ పోతే, సగటున తిండి అయ్యేదే పెరుగుతుంది. వలలు ఆగినప్పుడు సొరలు లాభపడ్డాయి. మన చేలో మందు, కర్ర రెండూ ఆడితే లాభపడేది ఎలుక.

చైనాలో 1958లో గింజలు తింటున్నాయని పిచ్చుకల్ని వెంటపడి చంపారు. పిచ్చుకలు పురుగుల్ని కూడా తింటాయి కదా, అవి పోయాక చేలల్లో పురుగులు రేగిపోయాయి. 1960కి చంపాల్సిన జాబితా నుంచి పిచ్చుకని తీసేశారు.

పాములకి భయపడొద్దని నేను అనను. మన దేశంలో 2000 నుంచి 2019 వరకు పాముకాటుతో సుమారు 12 లక్షల మంది చనిపోయారని అంచనా. వాళ్లలో ఎక్కువమంది పల్లెవాళ్లే. తాచైనా కట్లపామైనా ఇంట్లోకొస్తే పాములు పట్టేవాళ్లని పిలవండి. రాత్రి చేలోకి వెళ్తే టార్చి, బూట్లు ఉండాల్సిందే. అయితే తాచు ఇంటి చుట్టూ తిరిగేది మనకోసం కాదు, ధాన్యం బస్తాల దగ్గర మనం మేపుతున్న ఎలుకల కోసం.

ఇక మందు సంగతి. బ్రోమాడియోలోన్ అనే ఎలుకల మందు తిన్న ఎలుక వెంటనే చావదు, కొన్ని రోజులు మత్తుగా తిరుగుతుంది. అలాంటిదే గుడ్లగూబకి సులువుగా దొరుకుతుంది. ఎలుకలోని మందు గుడ్లగూబ ఒంట్లోకి చేరి దాన్నీ చంపగలదు. మా పాత రైస్‌మిల్లు అటకమీద ఉండే తెల్ల గుడ్లగూబల జంట రెండేళ్లుగా కనిపించట్లేదు. మందు వల్లే పోయాయని రుజువు నా దగ్గర లేదు, కానీ ఆ అనుమానం నన్ను వదలదు.

ఈసారి మా చేలో మందు పెట్టలేదు. పక్షులు వాలడానికి కర్రలు పాతాను, ఎలుక బుట్టలు పెట్టేవాళ్లని పిలిచాను. బాబాయ్ చేను ఇప్పుడు పొట్ట మీదుంది. నిన్న రాత్రి ఎనిమిదింటికి గట్టు మీద నిలబడితే అటువైపు నుంచి పిలకలు కొరికే చప్పుడు, ఒకచోట ఆగితే ఇంకోచోట, వినిపిస్తూనే ఉంది.