ఆటిజం ఉన్న పిల్లాడు మ్యూజిక్ క్లాసుకి వచ్చేది పాట నేర్చుకోవడానికే

ఆటిజం ఉన్న పిల్లల్ని స్కూల్లో మ్యూజిక్ క్లాసుకి పంపడానికి మనవాళ్లు ఎక్కువగా చెప్పే కారణం ఒకటే: సంగీతంతో పిల్లాడు నెమ్మదిస్తాడు, మాటలొస్తాయి, నలుగురిలో కలుస్తాడు. ఉద్దేశం మంచిదే, కానీ నా అభ్యంతరం అక్కడే. మిగతా పిల్లలు పాట నేర్చుకోవడానికి వస్తుంటే ఇతన్ని మాత్రం బాగుచేయడానికి తెస్తున్నాం. కొన్ని నెలలకి మార్పు కనిపించకపోతే ఇక ఉపయోగం లేదని మాన్పించేస్తాం కూడా.

సంగీత చికిత్స మీద 9 దేశాల్లో 4 నుంచి 7 ఏళ్ల లోపు 364 మంది పిల్లలతో చేసిన పెద్ద అధ్యయనం 2017లో జామా వైద్య పత్రికలో వచ్చింది. ఆటిజం లక్షణాల తీవ్రతలో చెప్పుకోదగ్గ తేడా కనబడలేదు. దీన్నిబట్టి సంగీతం దండగ అనుకోకూడదు, ఎందుకంటే వాళ్లు కొలిచింది లక్షణాలు తగ్గాయా అని, పాట వచ్చిందా అని కాదు. పిల్లల మానసిక వైద్యుడు లియో కానర్ 1943లో 11 మంది పిల్లల గురించి రాసిన, ఆటిజం మీద తన మొదటి వ్యాసంలోనే, ఏడాది వయసుకే ఎన్నో ట్యూన్లు తప్పు లేకుండా పాడిన పిల్లాడు ఉన్నాడు. ఆటిజం ఉన్న ప్రతి ఒక్కరికీ అలాంటి చెవి ఉంటుందని కాదు, కానీ నేర్పకముందే రాదని తేల్చేయడం అన్యాయం.

నిజానికి మన కర్ణాటక సంగీత పాఠం ఈ పిల్లలకి చాలా అనువుగా ఉంటుంది. మొట్టమొదట నేర్పే సరళీ స్వరాలు చూడండి. అదే మాయామాళవగౌళ రాగం, అదే ఆది తాళం, ఒక దెబ్బ, మూడు వేళ్లు, తర్వాత దెబ్బ వేసి చెయ్యి తిప్పడం రెండుసార్లు, మొత్తం 8 లెక్కలు, తర్వాత ఏమొస్తుందో ముందే తెలుస్తుంది కాబట్టి టెన్షన్ తక్కువ. పైగా టీచర్ పాడింది తిరిగి పాడటమే పాఠం. విన్న మాటే మళ్లీ మళ్లీ అనే అలవాటు ఈ పిల్లల్లో చాలామందికి ఉంటుంది, మిగతా పీరియడ్లలో దాన్ని ఆపించాలని చూస్తాం, ఇక్కడ అదే చదువు.

ఇబ్బందల్లా శబ్దంతోనే. గదినిండా పిల్లలు ఒకేసారి గొంతెత్తడం, హార్మోనియం, చప్పట్లు, మధ్యలో మైకు కీచుమనడం. చెవులు మూసుకుని బయటికి పరిగెత్తితే సంగీతం ఇష్టం లేదనుకుంటారు, కానీ ఆ చప్పుడు అతనికి నొప్పి పెడుతుండొచ్చు. తలుపు దగ్గర చోటివ్వండి, చప్పుడు తగ్గించే హెడ్‌ఫోన్లు పెట్టుకోనివ్వండి, డప్పు కొట్టేముందు చెప్పి కొట్టండి, బయటికెళ్లి మళ్లీ రానివ్వండి. ఈరోజు ఏమేం చేస్తామో వరసగా బోర్డు మీద బొమ్మలు అంటించండి. ఏదైనా అడిగాక మనసులో ఒక తాళం ఆవర్తనం, అంటే ఆ 8 లెక్కలు ఒకసారి, పూర్తయ్యేదాకా ఆగండి, చాలాసార్లు జవాబు ఆ తర్వాతే వస్తుంది. మాట రాని పిల్లాడు తాళం వేయగలడు, శ్రుతి పెట్టె చూసుకోగలడు. కళ్లలోకి చూడమని మాత్రం పట్టుబట్టొద్దు.

2016 దివ్యాంగుల హక్కుల చట్టం ఆటిజాన్ని గుర్తించింది, చదువుతోపాటు ఆటలు, వినోద కార్యక్రమాల్లో కూడా అందరితో సమానంగా అవకాశమివ్వాలని 16వ సెక్షన్‌లో రాసింది. అయినా స్పీచ్ థెరపీకి టైము కావాల్సొస్తే ముందు కోత పడేది పాట పీరియడ్‌కే. మన సర్కారు ప్రైమరీ బడుల్లో చాలాచోట్ల విడిగా మ్యూజిక్ టీచరే ఉండరు, క్లాసు టీచరే పాడిస్తారు, అలాంటప్పుడు భవిత కేంద్రంలో (ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం సర్కారు నడిపే కేంద్రం) ఆ పిల్లాడితో పనిచేసే టీచర్‌తో ఒక్కసారి కూర్చుని మాట్లాడితే ఏ చప్పుడు పడదో, ఏ పాట ఇష్టమో తెలిసిపోతుంది. దీనికి జీవో అక్కర్లేదు.

యాన్యువల్ డే గురించి కూడా చెప్పాలి. ఫొటో కోసం వెనక వరుసలో నిలబెట్టడం, గొడవ చేస్తాడని ఇంట్లో ఉంచేయమనడం రెండూ తప్పే. ఖాళీ హాల్లో ముందే రెండు మూడు రోజులు అలవాటు చేయండి, అతనికి వచ్చిన భాగం అతనికే ఇవ్వండి, వద్దంటే బలవంతపెట్టకండి.

తల్లిదండ్రులకి ఒక మాట. పేరెంట్స్ మీటింగులో "మావాడిలో మార్పొచ్చిందా" అని కాకుండా "ఈ నెల ఏం నేర్పారు" అని అడగండి. "సరళీ స్వరాలు మొదటి కాలం వచ్చేసింది, రెండో కాలంలో, అంటే రెట్టింపు వేగంలో, తాళం తప్పుతున్నాడు" అన్నట్టుగా టీచర్ జవాబు చెప్పగలగాలి.