తెర మారితే చేసిన పని గల్లంతవ్వాలా?

ఇప్పుడే హెడ్‌సెట్ తీసి పక్కన పెట్టా, ఒళ్ళు మండిపోతోంది. లాప్‌టాప్‌లో ఒక బిల్డింగ్ త్రీడీ మోడల్ చూస్తున్నా, మూడో అంతస్తులో మెట్లెక్కేవాళ్ళ తలకి దూలం తగులుతుందేమోనని డౌటొచ్చి, ఆ దూలాన్ని సెలెక్ట్ చేసి బాగా జూమ్ చేసి, సరే లోపలికెళ్ళి నిలబడే చూద్దామని హెడ్‌సెట్ పెట్టుకుని వీఆర్ బటన్ నొక్కా, అంటే నిజంగా ఆ బిల్డింగ్‌లోనే ఉన్నట్టు చూపించేది. తెర నల్లబడింది. మళ్ళీ వెలుగొచ్చేసరికి నేను బిల్డింగ్ బయట గేటు దగ్గరున్నా!! సెలెక్షన్ లేదు, జూమ్ లేదు, ఎటు తిరిగి నిలబడ్డానో కూడా అర్థం కాలేదు. వెతుక్కుంటూ పైకెళ్ళి దూలం కాస్త జరిపి బయటికొస్తే లాప్‌టాప్ మళ్ళీ లాగిన్ అడిగింది, అదీ అయ్యాక చూస్తే దూలం జరిగే ఉంది గానీ అన్‌డూ పనిచేయట్లేదు. లోపల చేసింది బయట వెనక్కి తీసుకోలేనప్పుడు ఇంక ధైర్యంగా దేన్ని ముట్టుకుంటాం?

ఫైల్ ఒక తెర నుంచి ఇంకో తెరకి దాటితే చాలు, మధ్యలో తెర నల్లబడి వెలిగేలా ఒక ఫేడ్ పెడితే పనైపోయింది అనుకుంటున్నారు ఈ యాప్‌లు చేసేవాళ్ళు. దాటాల్సింది నేను కదా. ఎక్కడున్నానో, ఎటు చూస్తున్నానో, చేతిలో ఏం పట్టుకున్నానో, ఇందాకేం చేశానో, అవన్నీ నాతో రావాలి.

ఇదేదో ఇంకా ఎవరికీ చేతకాని విద్య కూడా కాదు. 2001లోనే బిల్లింగ్‌హర్స్ట్, కాటో, పుపిరెవ్ అనే పరిశోధకులు మ్యాజిక్‌బుక్ అని చేసి చూపించారు. మామూలు పుస్తకమే, చేత్తో పట్టుకునే డిస్‌ప్లేలోంచి చూస్తే పేజీ మీద బొమ్మ త్రీడీలో లేస్తుంది, పిడి మీద స్విచ్ నొక్కితే నువ్వు ఎగురుకుంటూ ఆ బొమ్మలోకే వెళ్తావు, అంటే ఎక్కణ్ణించి ఎక్కడికెళ్తున్నావో దారంతా కనపడుతుంది. పైగా పేజీ చూస్తున్న పక్కవాళ్ళకి నువ్వు లోపల చిన్న బొమ్మలా కనిపిస్తావు. నేను ఇవాళ లోపలికెళ్తే అదే మోడల్ తెరిచి కూర్చున్న మా టీమ్‌వాళ్ళకి నేను మాయం, ఫోన్ చేసి ఎక్కడున్నావ్ అని అడిగారు.

అసలు హెడ్‌సెట్ దాకా ఎందుకు, ఫోన్ నుంచి లాప్‌టాప్‌కే దిక్కులేదు. 1997లోనే రెకిమోటో అనే జపాన్ పరిశోధకుడు ఒక తెర మీది వస్తువుని పెన్నుతో ఎత్తి ఇంకో తెర మీద దించి చూపించాడు. 2014లో యాపిల్ హ్యాండాఫ్ తెచ్చింది, ఫోన్‌లో సగం రాసిన మెయిల్ మ్యాక్‌లో అక్కణ్ణించే రాసుకోవచ్చు, బాగుంది, కానీ రెండూ వాళ్ళవే అయ్యుండాలి. నాకు అసలు మంట ఇక్కడే. నా ఫోన్ ఒక కంపెనీది, లాప్‌టాప్ ఇంకో కంపెనీది, అందుకని ఫోన్‌లో గీసుకున్న స్కెచ్ నాకు నేనే మెయిల్ చేసుకోవాలి, అటు చేరేసరికి లేయర్లన్నీ కలిసిపోయి ఒట్టి ఫోటో అవుతుంది. సపోర్ట్‌కి రాస్తే రెండూ మా డివైస్‌లే వాడండి అన్నారు. గీసింది నేను, రెండు డివైస్‌లూ డబ్బులు పెట్టి కొన్నది నేను, మధ్యలో ఈ కంచె వెయ్యడానికి వీళ్ళెవరు?

ఇప్పుడీ వీఆర్ యాప్‌వాళ్ళేమో వచ్చే అప్‌డేట్‌లో కొత్త ఆకాశాలు, కొత్త మేఘాలు ఇస్తారట. ఆ మేఘాలు మీ దగ్గరే ఉంచుకోండి. ముందు నా అన్‌డూ నాకివ్వండి.