పాత ఫోన్ మీద చార్జిషీటు

2025 సెప్టెంబరు 9 రాత్రి పదిన్నర దాకా నా ఫోన్ బాగానే ఉంది. పన్నెండయ్యేసరికి పాతబడిపోయింది. ఈ మధ్యలో దానికి ఏమీ కాలేదు. కింద పడలేదు, నీళ్లలో తడవలేదు, పిల్లల చేతికి చిక్కలేదు. టేబుల్ మీద చార్జింగ్‌లో ఉంది, అంతే. కాకపోతే సరిగ్గా ఆ సమయానికే కాలిఫోర్నియాలో ఐఫోన్ 17ని ఆవిష్కరించారు. తెల్లారి లేచాక నలుగురిలో నా ఫోన్ జేబులోంచి తీయాలంటే మొహమాటం మొదలైంది.

ఫోన్ మార్చాలా వద్దా అనేది డబ్బున్నవాళ్ల సరదా సమస్య అని కొందరు కొట్టిపారేస్తారు. నేను ఒప్పుకోను. ఇది న్యాయానికి సంబంధించిన విషయం. పనిచేస్తున్న ఫోన్‌ని ఊరికే పక్కన పెట్టేయలేం. మనస్సాక్షి ఒప్పుకోదు, ఇంట్లోవాళ్లు అసలే ఒప్పుకోరు. కాబట్టి ముందు దాని మీద నేరం మోపాలి, సాక్ష్యాలు సేకరించాలి. ఏటా సెప్టెంబరులో ఇంటింటా జరిగేది ఈ దర్యాప్తే.

మొదటి నేరం: స్లో అయిపోయింది. ఎవరి ఎఫ్‌ఐఆర్‌లోనైనా మొదటి వాక్యం ఇదే. నా ఫోన్‌నీ సోదా చేశాను. స్టోరేజీ నిండిపోయింది. లోపల చూస్తే ఏళ్ల తరబడి పేరుకున్న శుభోదయాలు. గులాబీల మీద మంచు బిందువులతో కొన్ని, గురువారం సాయిబాబాతో కొన్ని, శనివారం వెంకటేశ్వరస్వామితో కొన్ని. ఇవి కాక అపార్ట్‌మెంట్ గ్రూపులో నీళ్ల ట్యాంకర్ ఫొటోలు, ఎవరో తెలియని పాప అరంగేట్రం వీడియో మూడు కాపీలు. వీటిని తీసేస్తే ఫోన్ మళ్లీ పరిగెత్తే ప్రమాదం ఉంది. సాక్ష్యాలు చెరిపేయడం ఎంత పెద్ద నేరమో తెలిసినవాణ్ని కాబట్టి ఒక్క గులాబీని కూడా ముట్టుకోలేదు.

రెండో నేరం బ్యాటరీ. మధ్యాహ్నం మూడింటికే ఎర్రగీత కనబడుతోంది. బ్యాటరీ మార్పిస్తే సరిపోతుంది కదా అనే అమాయకులు ఉన్నారు. అబిడ్స్ జగదీశ్ మార్కెట్‌లో ఇస్తే టీ తాగి వచ్చేలోపు మార్చి చేతిలో పెడతారు కూడా. కానీ దాని పర్యవసానాలు వీళ్లకు తెలియవు. బ్యాటరీ పాతబడిన ఐఫోన్లను సాఫ్ట్‌వేర్‌తో నెమ్మది చేస్తున్నామని 2017 డిసెంబరులో ఆపిల్ ఒప్పుకుంది. ఉన్నట్టుండి ఆగిపోకుండా ఉండటానికే అని సంజాయిషీ ఇచ్చింది. జనం గోల చేస్తే బ్యాటరీ మార్పిడి ధర 79 డాలర్ల నుంచి 29కి తగ్గించింది. 2018లో జనం వెళ్లి చక్కగా మార్పించుకున్నారు. 2019 జనవరిలో ఆపిల్ సీఈఓ హోదాలో టిమ్ కుక్ మదుపరులకు ఉత్తరం రాస్తూ, అమ్మకాలు అనుకున్నంత లేకపోవడానికి చెప్పిన కారణాల్లో ఈ చవక బ్యాటరీలు కూడా ఒకటి. అంటే 29 డాలర్ల ముక్క లోపల పెట్టగానే చాలామందికి కొత్త ఫోన్ అక్కర్లేకపోయిందన్నమాట. అంత పెద్ద కంపెనీ చేత అలాంటి ఉత్తరం రాయించిన పాపంలో నాకు భాగం వద్దు.

మూడోది కెమెరా. ఈ కేసు కాస్త బలహీనం. 2007లో వచ్చిన మొదటి ఐఫోన్ కెమెరా 2 మెగాపిక్సెళ్లు, ఇప్పటిది 48. నేను తీసే ఫొటోలేమో ఆధార్ కార్డు ముందూ వెనకా, కరెంటు బిల్లు, మాల్‌లో బండి పెట్టిన స్తంభం నంబరు, సూపర్ మార్కెట్‌లో కందిపప్పు ప్యాకెట్. ఈ చివరిది ఇంటికి పంపి అనుమతి తీసుకోవాలి. 48 మెగాపిక్సెళ్ల కందిపప్పును వాట్సాప్ నలిపి నలిపి చిన్నది చేసి పంపుతుంది. అటునుంచి "అది కాదండీ, పక్కది" అని జవాబొస్తుంది. పక్కది ఏదో తెలుసుకోవడానికి ఎన్ని మెగాపిక్సెళ్లు కావాలో ఏ కంపెనీ ఇంతవరకు చెప్పలేదు.

ఇక కొత్త ఫోన్ గుణగణాలు. తెర సెకనుకు 120 సార్లు మారుతుంది, వేలు పెడితే జారిపోతుంది. ఇది 2020లోనే పదహారు వేల పోకో ఎక్స్2లో వచ్చింది అంకుల్ అని పక్కింటి కుర్రాడు గుర్తు చేశాడు. పదహారు వేల నునుపు వేరు, 82,900 రూపాయల ఐఫోన్ 17 నునుపు వేరు అని చెప్పి పంపించేశాను. ముందు కెమెరా ఇంకా గొప్పది. ఫోన్‌ని నిలువుగా పట్టుకునే అడ్డంగా సెల్ఫీ తీసుకోవచ్చు. మణికట్టు తిప్పే చాకిరీ నుంచి మానవజాతికి విముక్తి. పెళ్లిలో అంతా కలిసి సెల్ఫీ దిగితే చివర నిలబడ్డ పెదనాన్న తాలూకు చెవి ఒక్కటే పడే రోజులు పోయినట్టే.

అదే రోజు ప్రకటించిన ఐఫోన్ ఎయిర్ నన్ను మరింత ఆలోచనలో పడేసింది. మందం 5.6 మిల్లీమీటర్లు. 82,900 పెట్టిన ఫోన్‌కి వెనక రెండు కెమెరాలుంటే, 1,19,900 పెట్టే దీనికి ఒకటే. స్పీకరూ ఒకటే. ఒక కెమెరా, ఒక స్పీకరు లేకుండా చేసినందుకు 37,000 అదనం. లేనిదాన్ని అమ్మడం వీళ్లకు అలవాటే. 2016లో హెడ్‌ఫోన్ జాక్ తీసేసి దానికి ధైర్యం అని పేరు పెట్టారు. 2020లో డబ్బాలోంచి చార్జర్ తీసేసి పర్యావరణం అన్నారు. అప్పుడు ఎగతాళిగా పోస్టు పెట్టిన శాంసంగ్ ఆ పోస్టూ తీసేసింది, 2021 జనవరిలో గెలాక్సీ ఎస్21 డబ్బాలోంచి చార్జరూ తీసేసింది. ఈ లెక్కన ఏదో ఒక సెప్టెంబరులో ఖాళీ డబ్బా విడుదలవుతుంది. అన్నిటికన్నా పలచన అదే కాబట్టి అన్నిటికన్నా ఖరీదూ అదే. దానికీ మనవాళ్లు మొదటి రోజే రబ్బరు పౌచ్ తొడుగుతారు.

డబ్బు సంగతి ఎత్తేవాళ్లకు నాదొకటే మాట. నేను నా కోసం కొనడం లేదు. ఫోన్ల మీద జీఎస్టీ 18 శాతం, అంటే 82,900లో పన్నే 12,645 రూపాయలు. సగం కేంద్రానికి, సగం రాష్ట్రానికి. పాత ఫోన్‌ని పట్టుకు వేలాడే ప్రతివాడూ రాష్ట్ర ఖజానాకు ఆరు వేల మూడు వందల పైచిలుకు ఎగ్గొడుతున్నట్టే. డాలస్‌లో ఉన్న బావమరిది 799 డాలర్లకే తెస్తా బావా అన్నాడు. అక్కడ ఐఫోన్ 14 నుంచీ సిమ్ పెట్టుకునే చోటే లేదు, ఫోన్ లోపలే ఉండే ఈసిమ్ ఒక్కటే. ఆ తంటా ఎలాగో పడదామన్నా, మన పన్ను టెక్సాస్‌కు పోతుంది. వద్దన్నాను.

పైగా నో కాస్ట్ ఈఎంఐ ఉండగా ఖర్చు గురించి మాట్లాడటమేమిటి? బ్యాంకు వడ్డీ వేస్తుంది. ఆ వడ్డీ ఎంతో అంతా ధరలో ముందే తగ్గించినట్టు చూపిస్తారు. వడ్డీ మీద 18 శాతం జీఎస్టీ, బ్యాంకు ప్రాసెసింగ్ ఫీజు, ఆ ఫీజు మీద మళ్లీ జీఎస్టీ మాత్రం చడీచప్పుడు లేకుండా మన కార్డు స్టేట్‌మెంట్‌లో వచ్చి కూర్చుంటాయి. వాటిని ఖర్చు అనకూడదు. ఖజానాకు అదనపు సేవ.

పాతదానికి ఎక్స్ఛేంజ్‌లో ఎంత వస్తుందో కనుక్కుందామని ఒక షాపుకి వెళ్లాను. పాత చీరలు తీసుకుని స్టీలు గిన్నెలిచ్చే ఆవిడ అంచు చిరుగు పట్టుకున్నట్టే, కౌంటర్లో కుర్రాడు నా ఫోన్‌ని ట్యూబ్‌లైటు కింద వాలుగా పట్టుకుని, గోటితో అంచు గీరి, "గీత ఉంది సార్" అన్నాడు. తర్వాత స్పీకర్ రంధ్రంలోకి ఊదాడు. కెమెరా దగ్గర దుమ్ము చూపించాడు. బ్యాటరీ పోయిందన్నాడు. స్లో ఉందన్నాడు. నేను కష్టపడి పోగుచేసిన నేరాలన్నీ నిమిషంలో చదివేశాడు. నా తరఫు సాక్షి దొరికాడని సంబరపడేలోపు ధర చెప్పాడు. అంతే, అప్పటికప్పుడు నేను డిఫెన్స్ లాయర్నైపోయాను. ఆ ఫోన్ ఎంత గొప్పదో, ఎన్ని వానల్లో తడిసినా ఎలా బతికిందో, అలాంటివి ఇప్పుడు రావడమే లేదని చాలాసేపు వాదించాను. అతను ఒక్క వంద పెంచాడు.

ఈలోగా అమ్మ ఇంకో అభ్యంతరం లేవదీసింది. అమ్మకాలు మొదలయ్యేది సెప్టెంబరు 19న. అది భాద్రపద బహుళం, మహాలయ పక్షాలు. "పెద్దలకు తర్పణాలు వదిలే రోజుల్లో కొత్త వస్తువులేంట్రా?" అంది. లెక్క చూస్తే 2024లో ఐఫోన్ 16 అమ్మకాలూ సెప్టెంబరు 20న, ఆ పక్షాల్లోనే మొదలయ్యాయి. అంత పెద్ద కంపెనీలో పంచాంగం చూసేవాడు ఒక్కడూ లేడా? అక్కడ పనిచేస్తున్న మనవాళ్లైనా ఒక మాట చెప్పకూడదా? 19న తెల్లవారకముందే ముంబైలో బీకేసీ ఆపిల్ స్టోరు దగ్గర క్యూలో జనం కొట్టుకున్నారంటే కొట్టుకోరా మరి! పక్షాలు వెళ్లి నవరాత్రులు రాగానే, 79,900తో వచ్చిన ఐఫోన్ 16ని ఫ్లిప్‌కార్ట్ 51,999కి పెట్టింది. పంచాంగం పట్టించుకున్నవాళ్లకు దాదాపు 28,000 మిగిలాయి. ఇది మూఢనమ్మకమని ఎవరైనా అంటే నాకు చెప్పండి, మాట్లాడదాం.

అసలు చిక్కు వారసత్వం దగ్గర వచ్చింది. కొత్త ఫోన్ కొనడమంటే ఒక ఫోన్ కొనడం కాదు, ఇంట్లో ఫోన్లన్నీ ఒక మెట్టు దిగడం. నాది నాన్నకు, నాన్నది అమ్మకు. "వాట్సాప్‌కీ మాట్లాడుకోవడానికీ అది చాలు" అని తీర్మానించేది ఎప్పుడూ అమ్మ కాదు, మిగతావాళ్లం. అమ్మ ఫోన్ తెర ఒక మూల పగిలి ఉంటుంది. అక్షరాలు ఇంతింత పెద్దవి పెట్టించుకుంది. పౌచ్ లోపల మడత పెట్టిన వంద నోటు, మందుల చీటీ. అది తీసుకుని నాన్నది ఇస్తామంటే చెయ్యి వెనక్కి లాక్కుంది.

"నాదానికేం వచ్చిందిరా? మోగుతోంది, మాట వినబడుతోంది. కొత్తది ఇస్తే మళ్లీ నువ్వు కూర్చుని నేర్పాలి. నేర్పేటప్పుడు అరుస్తావు."

ఈ వాదనకు నా దగ్గర జవాబు లేకపోయినా, ఆవిడ వైఖరి ప్రపంచ ఆర్థిక వ్యవస్థకు ఎంత ప్రమాదకరమో చెప్పాల్సిన బాధ్యత ఉంది. ఫోన్ మోగితే చాలనుకునేవాళ్లు ఊరికి పదిమంది తయారైతే ఆపిల్ వాళ్ల కుపర్టినోలో దీపం పెట్టే దిక్కుండదు.