టన్నుకి ముప్పాతిక గ్రాము ఆశ

కోలార్‌లో మళ్ళీ బంగారం పడింది. ఎప్పటిలాగే పేపర్లో. 2001 ఫిబ్రవరి 28న కేజీఎఫ్ (కోలార్ గోల్డ్ ఫీల్డ్స్) గనులు మూతపడ్డాక, అక్కడ సెలవన్నది లేకుండా నడుస్తున్న గని ఒక్కటే: 'త్వరలో పునఃప్రారంభం' గని. దీనికి లిఫ్టు అక్కర్లేదు, మందుగుండు అక్కర్లేదు, బోనస్ అడిగే యూనియన్ లేదు. ఎన్నికల ముందు రెండు షిఫ్టులు నడుస్తుంది. మామూలు గనుల్లో తవ్వేకొద్దీ సరుకు పలచబడుతుంది. కేజీఎఫ్‌లోనే తొలినాళ్ళలో టన్ను రాయికి 40 గ్రాములు పైన వచ్చేది, చివరికి 3 గ్రాములకు దిగింది. ప్రకటనలకు ఆ జబ్బు లేదు. చిత్తూరు వైపు మన చిగరగుంట గని కూడా అప్పుడే మూతపడి, అప్పటి నుంచీ త్వరలో తెరుచుకుంటూనే ఉంది.

(కేజీఎఫ్ అనగానే సినిమాలోని గడ్డం, సుత్తి గుర్తొచ్చేవాళ్ళకు ముందే మనవి: ఈ కథలో హీరో లేడు. కమిటీ ఉంది.)

ఈసారి వేట గుట్టల మీద. సైనైడ్‌తో బంగారం పిండేసి పారబోసిన పిప్పి అక్కడ 3 కోట్ల టన్నులకు పైనే ఉంది. వెయ్యి ఎకరాల్లో పరుచుకున్న 13 గుట్టలను తిరగదోడటానికి 2024లో కర్ణాటక మంత్రివర్గం సరేనంది. టన్నుకి దొరికేది ముప్పాతిక గ్రాము లోపే. అంటే 3 తులాల పుస్తెలతాడుకి 40 టన్నుల పిప్పి కావాలి. ముహూర్తం వేళకి కల్యాణ మండపం ముందు మూడు టిప్పర్లు వచ్చి ఆగాలి. వియ్యపురాలు తరుగు సంగతి ఎత్తకపోతే అదృష్టమే.

ఊరివాళ్ళు మాత్రం ఈ సరుకు ఎప్పటి నుంచో ఉచితంగా అందుకుంటున్నారు. గాలి తిరిగితే చాలు, ఆరేసిన చీర మీద, మూత మరిచిన బిందెలో, బండి సీటు మీద వేలితో పేరు రాసేంత మందాన గుట్ట ఇంటికొస్తుంది. దీని మీద ఇంతవరకూ రాయల్టీ వేయకపోవడం ఖజానాకి తీరని నష్టం.

1902లో కావేరి మీది శివనసముద్రం జలవిద్యుత్ కేంద్రం నుంచి కరెంటు తీగ నేరుగా ఈ గనులకే వచ్చింది. బెంగళూరు వీధిదీపాలు 1905 దాకా ఆగాయి. ఆ మూడేళ్ళ అప్పుకి వడ్డీ కడుతున్నట్టు, ఇప్పుడు ఇక్కడి జనం తెల్లారకముందే టిఫిన్ డబ్బా పట్టుకుని మారికుప్పంలో బెంగళూరు రైలెక్కుతున్నారు.

అన్నట్టు, నీళ్ళ సంగతి. ఆ జిల్లా రైతు వెయ్యి అడుగులు దాటి బోరు దించినా చాలాసార్లు పైకొచ్చేది దుమ్మే. పక్కనే మూడు కిలోమీటర్ల లోతు గని, పంపులు ఆపగానే తనంతట తానే నీళ్ళతో నిండింది. నీళ్ళకి తవ్వితే దుమ్ము, బంగారానికి తవ్వితే నీళ్ళు. ఇంత స్పష్టమైన శాస్త్రం ఉండగా మనకి వేరే సర్వేలు దేనికో!

అందుకే నిపుణుల కమిటీలో కొబ్బరికాయతో బోరు పాయింటు చూసే పెద్దాయనకి ఒక కుర్చీ వేయాలని నా సూచన. అరచేతిలో కాయ లేచి నిలబడకపోతే ఆయన 'ఇక్కడ లేదు నాయనా' అని అక్కడికక్కడే చెప్పేస్తాడు. ఇచ్చింది పుచ్చుకుని బండెక్కుతాడు. కాయ కూడా మనకే వదిలేసి పోతాడు.