మీరు పొలంలోనే ఉన్నారు

గోదావరి కోతకు ఉపగ్రహ పటాలు వేస్తారు. మంచిదే. పెద్ద తెర మీద నది నీలంగా, కోసుకుపోయిన ఒడ్డు ఎర్రగా, మేట వేసిన చోటు పచ్చగా మెరుస్తుంటే ఏసీ గదిలో పెద్దలంతా తలలూపుతారు. ‘బ్యూటిఫుల్’ అని ఒకాయన అననే అంటాడు. ఆ ఎరుపులో పోయిన తోట ఎవరిదని అడిగినవాణ్ని టీ తర్వాత మాట్లాడమంటారు.

అమెరికావాళ్ల ల్యాండ్‌శాట్ ఉపగ్రహాల వరస 1972 నుంచి ఈ భూమిని ఫొటోలు తీస్తోంది. 2008 నుంచి ఆ పాత బొమ్మలన్నీ ఉచితం. 1982 తర్వాతి బొమ్మల్లో ఒక్కో చుక్క 30 మీటర్ల చదరం, అంటే కోనసీమ లెక్కలో 22 సెంట్లు, పద్నాలుగు కొబ్బరిచెట్లు. యూరప్ ఉపగ్రహం సెంటినెల్-2 దగ్గర చుక్క రెండున్నర సెంట్లకు దిగింది. వరద రోజుల్లో మబ్బులు అడ్డమా? మబ్బుల్లోంచి చూసే రాడార్ ఉపగ్రహాలున్నాయి. 2025లో అలాంటిదే, ఇస్రో-నాసా కలిసి చేసిన నిసార్‌ను మన శ్రీహరికోట నుంచే పంపారు. ఏప్రిల్ బొమ్మ పక్కన నవంబరు బొమ్మ పెట్టి, వేసవిలో తేలిన ఇసుకను చూసి నేల తిరిగొచ్చిందని మురిసిపోకపోతే చాలు, ఏ ఏడు ఎంత పోయిందో లెక్క తేలుతుంది.

ఆకాశం ఇంత సాక్ష్యం చెబుతున్నా, భూమి పోయిందని రుజువు చేయాల్సింది లంక రైతే. రేపు దీనికీ ఓ యాప్ వస్తుంది, రాసిపెట్టుకోండి. రైతు తన సర్వే నంబరులో నిలబడి ఫొటో దిగాలి. సర్వే నంబరు ఏటి నడుమ ఉంది. కాబట్టి పడవ మాట్లాడతారు. సచివాలయం కుర్రాడు ట్యాబ్ తడవకుండా పొట్టకు హత్తుకుని కూర్చుంటాడు.

“ఇంకాస్త ఎడమకి రావాలండి బాబాయ్, పక్కవాళ్ల నంబరు చూపిస్తోంది.”

సరంగు ఇంజను రివర్సు కొడతాడు. ప్రవాహం పడవను గట్టు దాటించి పక్కవాళ్ల అరటితోటలోకి తోస్తుంది. అదీ నీళ్లలోనే. మళ్లీ వెనక్కి. చివరికి పచ్చటి టిక్కు: మీరు పొలంలోనే ఉన్నారు! ప్రస్తుత పంట? జాబితాలో వరి, కొబ్బరి, కంద ఉన్నాయి, గోదావరి లేదు. తేలుతున్న గుర్రపుడెక్కను ఫొటో తీసి ఆకుకూరల కింద ఎక్కిస్తారు. నీటి వసతి? ‘ఉంది’. సరిహద్దు రాళ్లు చూపించండి.

“కింద ఉన్నాయి, దూకమంటావా అబ్బాయ్?”

కుర్రాడు పాపం నిజంగానే పై అధికారికి ఫోన్ చేసి అడుగుతాడు.

ఇంత ఈదితే వచ్చేదెంత? 2022-26 కేంద్ర విపత్తు సాయం నిబంధనల్లో, నది దారి మారి భూమి పోతే హెక్టారుకు 47,000 రూపాయలు. సెంటుకు 190. మల్టీప్లెక్సులో పాప్‌కార్న్ డబ్బాకు సరిపోతుందేమో కనుక్కోండి. అదీ సన్న, చిన్నకారు రైతులకే, అదీ రికార్డులో హక్కు ఉంటేనే. మరి కౌలు రైతుకు? ఆ లంకలో ఒండ్రు తవ్వింది ఆయన, అరటి నిలబెట్టింది ఆయన, వరదలో పశువుల్ని ఏటిగట్టు మీదికి తోలుకొచ్చింది ఆయన. పాస్‌బుక్కు ఇంకొకరిది కాబట్టి పోయిన నేలకు ఆయనకు రూపాయి రాదు. దీన్ని సాయం అని ఏ నోటితో అంటున్నారు? కొంచెమైనా సిగ్గుండాలి కదా!

బంగ్లాదేశ్‌లో సెగిస్ అనే సంస్థ 2004 నుంచీ ఇలాంటి బొమ్మలే చూసి, ఈ ఏడు ఏ ఒడ్డు కోతకు గురవుతుందో వరదకు ముందే చెబుతోంది. జనం కనీసం తలుపులు, రేకులు విప్పుకుని కదలడానికి టైముంటుంది. మనకు హైదరాబాద్ బాలానగర్‌లో జాతీయ రిమోట్ సెన్సింగ్ కేంద్రమే ఉంది. బొమ్మలకు కొదవ లేదు. ఆ బొమ్మ పట్టుకుని లంకకు వెళ్లి, “ఈసారి నీ ఇల్లు వరసలో ఉంది, ముందే లేచిపో, చోటు ఇదిగో” అని చెప్పాల్సిన మనిషి ఎవరో మాత్రం ఏ జీవోలోనూ దొరకడు.

అవతలి ఒడ్డున తేలిన మేట సంగతి వేరు. అక్కడ సరిహద్దు రాళ్లు ఎవరూ అడగరు. అది ఇసుక కదా, లారీలకు దారి బాగా తెలుసు.