లెక్క అడిగేది ఇంటోడే

2025 మే 10, శనివారం సాయంత్రం. నల్లగొండ క్లాక్ టవర్ దగ్గర ఒక చాయ్ హోటల్లో టీవీ ముందు పది పన్నెండు మందిమి నిలబడి ఉన్నాం. పాకిస్తాన్‌తో కాల్పులు ఆగిపోతున్నాయని విదేశాంగ కార్యదర్శి విక్రమ్ మిస్రీ ప్రకటన చదివి లేచి వెళ్లిపోయారు. నా పక్కనున్నాయన గ్లాసును బల్ల మీద కొట్టినట్టు పెట్టాడు. "ఇంకో నాలుగొద్దులు కొడితే పీడ పోతుండె. మధ్యల ఆపుడేంది?" అన్నాడు. నలుగురైదుగురు తలూపారు. మూలకు కూర్చున్న పెద్దాయన మాత్రం ఏమీ అనలేదు. ఆయన కొడుకు ఫౌజ్‌లో ఉన్నాడని హోటల్ వాళ్లకు తెలుసు. "ఏం కాకా, నువ్వేమంటవ్?" అని ఎవరో అడిగారు. "నేనేమంట బిడ్డా, ఆగింది గదా" అన్నాడు. అన్నాక ఒకసారి చుట్టూ చూసి, గ్లాసులోకి తల వంచుకున్నాడు.

ఆ చూపు నాకు ఇప్పటికీ గుర్తుంది. కొడుకు బతికి ఉంటాడని తండ్రి సంతోషపడ్డాడు. అందులో తప్పేముంది? అయినా ఆ సంతోషాన్ని నలుగురిలో చూపించాలంటే జంకాల్సి వచ్చింది.

ఆ నాలుగు రోజుల దాడులు సరైనవా కాదా అన్న చర్చకు నేనిక్కడ పోవడం లేదు. కశ్మీర్‌లోని పహల్గాంలో 26 మందిని కాల్చి చంపిన ఉగ్రవాదులను వదిలేయమని నేనెరిగిన వాళ్లెవరూ అనలేదు. నన్ను తొలిచింది ఇంకొకటి. కాల్పుల విరమణ ప్రకటన చదివిన పాపానికి విక్రమ్ మిస్రీని సోషల్ మీడియాలో ద్రోహి అన్నారు. ఆయన కూతురి వివరాలు సైతం బయటపెట్టి తిట్టారు. ఆయన తన ఎక్స్ ఖాతాకు తాళం వేసుకోవాల్సి వచ్చింది. ప్రభుత్వం తీసుకున్న నిర్ణయాన్ని చదివి వినిపించిన ఉద్యోగి ఆయన! అంతకు కొద్ది రోజుల ముందు, పహల్గాంలో భర్తను పోగొట్టుకున్న నౌకాదళ అధికారి భార్య న్యాయం కావాలంటూనే, ముస్లింల మీద, కశ్మీరీల మీద పడొద్దని వేడుకుంది. ఆమెనూ వదల్లేదు. జాతీయ మహిళా కమిషన్ కల్పించుకుని తప్పని చెప్పాల్సినంత దూరం పోయింది. దేశభక్తికి కొలత ఏదో గానీ, ఆ కొలతతో కొలిస్తే భర్తను పోగొట్టుకున్న మనిషి తక్కువైంది. ఫోన్లో టైప్ చేసేవాడు ఎక్కువయ్యాడు.

మా జిల్లాకు ఈ విషయంలో మాట్లాడే హక్కు కొంచెం ఎక్కువే ఉందనుకుంటాను. 2016 దాకా మా జిల్లాలోనే ఉన్న సూర్యాపేటలో కర్నల్ బిక్కుమళ్ల సంతోష్‌బాబు విగ్రహం ఉంది. 2020 జూన్ 15 రాత్రి చైనా సరిహద్దున గల్వాన్‌లో చనిపోయిన 20 మందిలో ఆయన ఒకరు, 16 బిహార్ రెజిమెంట్‌కు కమాండింగ్ ఆఫీసర్. మరణానంతరం మహావీర్ చక్ర ఇచ్చారు. జూన్ 15 వచ్చిందంటే విగ్రహానికి దండలు పడతాయి, మైకుల్లో ప్రతీకారం మాట వినిపిస్తుంది. కానీ ఆ రాత్రి ఆయన అక్కడికి ఎందుకు వెళ్లాడో ఆ మైకుల్లో ఎవరూ చెప్పరు. జూన్ 6న రెండు దేశాల సైనిక కమాండర్లు కూర్చుని వెనక్కి తగ్గుదామని మాట అనుకున్నారు. ఆ మాట ప్రకారం చైనా వాళ్లు తమ గుడారం తీశారా లేదా చూసి, తీయించడానికి వెళ్లాడాయన. సరిహద్దు దగ్గర కాల్పులు జరపొద్దని 1996లో రాసుకున్న ఒప్పందం ఉంది కాబట్టి ఆ రాత్రి తూటా పేలలేదు. రాళ్లు, మేకులు దిగేసిన కర్రలతో మనుషులు చచ్చిపోయారు. అంటే మా సూర్యాపేట బిడ్డ చనిపోయింది శాంతి ఒప్పందాన్ని అమలు చేయించే డ్యూటీలో. ఆయన వీరుడే, అందులో ఎవరికీ అనుమానం లేదు. ఆ వీరత్వం ఏ పని మీద ఖర్చయిందో మాత్రం మనకు పట్టలేదు.

అప్పట్లో అసలు అక్కడేం జరిగింది, మన నేల పోయిందా లేదా అని అడిగినవాళ్లను సైన్యాన్ని అవమానిస్తున్నారని నోరు మూయించారు. అడిగింది సైన్యాన్ని కాదు, సైన్యాన్ని పంపిన వాళ్లను. ఈ రెండింటినీ కలగలపడం పాలించేవాళ్లకు చాలా సుఖం. ఏ పార్టీ వచ్చినా కలుపుతూనే ఉంటుంది. 1962లో చైనా చేతిలో ఎందుకు ఓడిపోయామో రాసిన హెండర్సన్ బ్రూక్స్ నివేదికను కాంగ్రెస్ బయటపెట్టలేదు, ఆ తర్వాత వచ్చినవాళ్లూ పెట్టలేదు. అయితే అదే 1962లో ఇంకొకటి కూడా జరిగింది. యుద్ధం నడుస్తుండగానే పార్లమెంటును పిలవండి, చర్చ పెట్టండి అని ఒక కుర్ర ఎంపీ అడిగాడు. నెహ్రూ ఒప్పుకున్నాడు, నవంబరులో సభ కూర్చుంది. ప్రభుత్వాన్ని నిలబెట్టి కడిగేశారు. ఆ ఎంపీ అటల్ బిహారీ వాజ్‌పేయి. ఆయనను దేశద్రోహి అన్నవాడు లేడు. ముప్పై ఏడేళ్ల తర్వాత కార్గిల్‌లో 527 మంది జవాన్లు పోయిన యుద్ధంలో, ఎంత ఒత్తిడి వచ్చినా నియంత్రణ రేఖ దాటొద్దని సైన్యానికి చెప్పిందీ ఆయనే.

మా దిక్కు ఒక మాట ఉంది. చుట్టంగా వచ్చినోడు అన్నం బాగుందని మెచ్చుకుని పోతాడు. బియ్యం ఎన్ని తెచ్చినవ్, ఎవరి దగ్గర అప్పు చేసినవ్ అని అడిగేది ఇంటోడే. యుద్ధం ఖర్చు అడిగేవాడు పరాయివాడని మనకు ఎవరు నేర్పారో తెలియదు గానీ, నల్లగొండ చరిత్రలో మాత్రం అది లేదు.

రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో హైదరాబాద్ సంస్థానంలో లెవీ ధాన్యం వసూలు చేసేవాళ్లు. కల్లం మీదికే వచ్చి కొలుచుకుపోయేవాళ్లు. దేశ్‌ముఖ్‌ల గాదెలు నిండుగా ఉండేవి, చిన్న రైతు మాత్రం గింజ లేకపోతే కొనైనా కట్టాలి. ఎక్కడో బర్మాలో, ఆఫ్రికాలో జరిగే యుద్ధానికి జనగామ తాలూకా రైతు గింజలు పెట్టాడన్న మాట. జనగామ అప్పుడు నల్లగొండ జిల్లాలోనే ఉండేది. 1944లో భువనగిరిలో జరిగిన సమావేశం తర్వాత, జనం సంఘం అని పిలుచుకున్న ఆంధ్ర మహాసభ ఊరూరికీ పాకింది. సంఘం మొదట పట్టుకున్న పనుల్లో లెవీని అడ్డుకోవడం ఒకటి, వెట్టిని ఆపడం ఇంకొకటి. యుద్ధానికి గింజలు ఇచ్చేది లేదన్న రైతును నిజాం సర్కారు రాజద్రోహి అంది. ఇవాళ వాళ్ల పేర్లు స్మారక స్తూపాల మీద ఉన్నాయి.

ఆ తర్వాత కథ మరీ చిక్కు. రజాకార్లు ఊళ్ల మీద పడ్డప్పుడు ఇదే జిల్లా తుపాకీ పట్టింది. పట్టక తప్పలేదు. శాంతి, అహింస అని అప్పుడు వాళ్లకు చెప్పబోయిన మనిషి ఉంటే, అతనికి ఊళ్లో మంచినీళ్లు పుట్టేవి కావు. అందుకే యుద్ధాలన్నీ ఒకటే, అన్నింటినీ వ్యతిరేకించాలి అనే వాదం నాకు మింగుడు పడదు. 1948 సెప్టెంబర్ 13న భారత సైన్యం దిగింది, 17న నిజాం లొంగిపోయాడు. (ఆ రోజును విమోచన అనాలా, విలీనం అనాలా, విద్రోహం అనాలా అని ఏటా సెప్టెంబర్లో తన్నుకోవడం మనకు పండగలాగా అయిపోయింది.) నిజాం పోయాక తుపాకీ దించాలా, పట్టుకునే ఉండాలా? ఈ ప్రశ్న మీద కమ్యూనిస్టు పార్టీ నడిపిన ఆ సాయుధ పోరాటమే రెండుగా చీలింది.

దించుదామన్న వాళ్లలో ముందున్నవాడు రావి నారాయణరెడ్డి, బొల్లేపల్లి మనిషి. ఎవరి మీద పోరాడామో వాడు పోయాడు, ఇప్పుడు ఎదురుగా ఉన్నది కొత్త దేశపు సైన్యం, జనం ఇంక మోయలేరు అన్నది ఆయన వాదన సారం. కలిసి జైలుకు పోయినవాళ్లు, కలిసి అడవిలో తిరిగినవాళ్లే ఆయన మీద విరుచుకుపడ్డారు. యుద్ధం నడుస్తుంటే ఆపుదామన్నవాడికి శత్రువు కన్నా ముందు సొంతవాళ్లే ముద్ర వేస్తారు. అది ఢిల్లీ సర్కారైనా అంతే, విప్లవ పార్టీ అయినా అంతే. పోరాటం 1951 అక్టోబర్ దాకా సాగింది. పార్టీ చెప్పుకునే లెక్కలోనే నాలుగు వేల మంది దాకా చనిపోయారు. అందులో ఎంతమంది 1948 తర్వాత పోయారో తీసి చూస్తే, ఆపుదామన్న మాటకు విలువ ఎంతో తెలుస్తుంది. వెంటనే వచ్చిన 1952 ఎన్నికల్లో రావి నారాయణరెడ్డి నల్లగొండ నుంచి లోక్‌సభకు పోటీ చేశాడు. దేశం మొత్తంలో నెహ్రూ కంటే కూడా ఎక్కువ ఓట్లు ఆయనకే పడ్డాయి. ఓట్లన్నీ తుపాకీ దించుదామన్నందుకే పడ్డాయని చెప్పలేను, తుపాకీ పట్టిన కీర్తి కూడా అందులో ఉంది. కానీ పోరు ఆపుదామన్న మనిషిని జనం పిరికివాడనో ద్రోహి అనో అనుకోలేదని మాత్రం ఆ పెట్టెలు చెప్పాయి.

అదే 1951 ఏప్రిల్ 18న, ఇంకా తుపాకులు పూర్తిగా దిగకముందే, వినోబా భావే నడుచుకుంటూ పోచంపల్లి వచ్చాడు. హరిజనవాడ వాళ్లు 80 ఎకరాలు ఉంటే చాలన్నారు, వెదిరె రామచంద్రారెడ్డి 100 ఎకరాలు ఇస్తానన్నాడు. భూదానం అక్కడ మొదలైన సంగతి పిల్లలకు కూడా తెలుసు. వినోబా అంతకుముందు దేనికి జైలుకు పోయాడో తెలిసినవాళ్లు తక్కువ. 1940 అక్టోబర్‌లో గాంధీ వ్యక్తి సత్యాగ్రహం మొదలుపెట్టి, మొదటి మనిషిగా వినోబాను ఎంచుకున్నాడు. ఆయన చేసిన నేరం యుద్ధానికి మనుషులనూ డబ్బునూ ఇవ్వొద్దని ఉపన్యాసం చెప్పడం. రెండోవాడు నెహ్రూ. యుద్ధాన్ని వ్యతిరేకించడం దేశద్రోహం అనే సూత్రాన్ని ఒప్పుకుంటే మన స్వాతంత్ర్య పోరాటంలో ఒక భాగాన్ని కొట్టేయాల్సి వస్తుంది.

ఇదే గాంధీ 1918లో బ్రిటిష్ సైన్యంలో చేరండని ఖేడా ఊళ్లలో తిరిగాడు. పన్ను సత్యాగ్రహం అప్పుడు బండ్లు ఉత్తపుణ్యానికి ఇచ్చిన రైతులు, ఈసారి కిరాయికి కూడా బండి కట్టలేదు. ఆయనే రాసుకున్నాడు ఈ సంగతి. ఎవరు ఎక్కువ దేశభక్తులు అప్పుడు? నన్నడిగితే ఆ బండ్లవాళ్లు.

యుద్ధ వ్యతిరేకుల మీద జనానికి ఉన్న అనుమానం పూర్తిగా గాలి మాట కాదు. 1939లో ఇది సామ్రాజ్యవాద యుద్ధం అన్న కమ్యూనిస్టులు, 1941లో హిట్లర్ రష్యా మీద పడ్డాక ఇది ప్రజాయుద్ధం అన్నారు. మారింది యుద్ధమా, మాస్కో అవసరమా? ఈ మచ్చ వాళ్లను చాలా ఏళ్లు వెంటాడింది. ఇప్పుడు కూడా ఇరాక్ మీద అమెరికా దాడి చేస్తే ర్యాలీలు తీసినవాళ్లలో కొందరు, ఉక్రెయిన్ మీద రష్యా దాడి చేసినప్పుడు గొంతు సవరించుకుంటూ కూర్చున్నారు. యుద్ధం వద్దనడానికి కారణం ఇక్కడి మనుషుల ప్రాణాలైతే దేశం వింటుంది. ఇంకో రాజధాని లాభనష్టాలైతే వినదు, వినకపోవడమే న్యాయం. శత్రువు గెలవాలని కోరుకోవడం ఒకటి, మనవాళ్లు చావకూడదని కోరుకోవడం ఇంకొకటి. చాయ్ హోటల్లో కూర్చున్న కాకకు ఈ తేడా స్పష్టంగా తెలుసు, టీవీ యాంకర్‌కే తెలియదు.

1987లో శాంతి సేన పేరుతో శ్రీలంకకు పోయిన మన సైన్యం, కొద్ది నెలల్లోనే అక్కడి తమిళ సాయుధ దళం ఎల్‌టీటీఈతో యుద్ధంలోకి దిగింది. వెయ్యి మందికి పైగా జవాన్లు తిరిగి రాలేదు. మొదట్లో ఆ సేనను వెనక్కి పిలవాలన్నవాళ్లు దేశానికి తలవంపులు తెస్తున్నారనిపించుకున్నారు. చివరికి ప్రభుత్వమే పిలిచింది, 1990 మార్చికల్లా సేన మొత్తం తిరిగొచ్చింది. ఆ మాట వినడానికి పట్టిన రెండున్నరేళ్లలో పోయినవాళ్లను ఏ ఖాతాలో రాస్తారు?

యుద్ధం జరుగుతుండగా ప్రశ్నలడిగితే జవాను ధైర్యం తగ్గుతుందంటారు. నాకు తెలిసిన మాజీ సైనికులు దీనికి నవ్వుతారు. జీతం, బూట్లు, సెలవు, ఇంటి దగ్గర భూమి తగాదా, ఇవి వాళ్ల టెన్షన్లు. ఫేస్‌బుక్‌లో ఎవరు ఏం రాశారో అన్నది వాళ్ల జాబితాలో లేదు.

మొన్న తెల్లవారుజామున ఎన్‌జీ కాలేజీ గ్రౌండ్‌లో నడుస్తుంటే ఇరవై మంది దాకా పిల్లలు సైన్యం సెలక్షన్ల కోసం పరుగు తీస్తున్నారు. దేవరకొండ వైపు తండాల నుంచి వచ్చి రూముల్లో ఉంటున్నవాళ్లు ఎక్కువ. పదహారు వందల మీటర్లు, చేతిలో స్టాప్‌వాచ్. దేశం కోసం ప్రాణమిస్తామని రీల్స్ చేసే వయసే, కానీ వీళ్లు నిజంగానే పోయేవాళ్లు. ఆయాసంతో గట్టు మీద కూర్చున్న ఒక అబ్బాయిని పలకరించాను. యుద్ధం వస్తే భయం లేదా అని అడిగాను. "పోతం సార్, పోకేంది?" అన్నాడు. నీళ్ల బాటిల్ మూత తిప్పుతూ కాసేపు ఆగి, నన్నే అడిగాడు: "అగ్నివీర్ నాలుగేండ్లే గద సార్. నూటికి ఇరవై ఐదు మందినే ఉంచుతరంట. మిగిలినోళ్లను ఏం జేస్తరు? మీకేమన్న తెలుసా?"