వీజీఏ పోర్టు గారి సముఖానికి

మహారాజశ్రీ వీజీఏ పోర్టు గారికి,

చెన్నపట్నం, పెరంబూరు నుంచి తమరి చిరకాల ఆశ్రితుడు నమస్కరించి వ్రాయునది. ఉభయకుశలోపరి అని మొదలుపెట్టడం మర్యాదే కానీ, మొన్న కొన్న డెస్క్‌టాప్ వెనుక టార్చిలైటు వేసి వెతికినా, మానిటర్ కేబుల్‌ను తగిలించుకునే తమరి నీలం మోము కనిపించనందువల్ల తమరి క్షేమం సంగతి నాకు తెలియదు. 17 అంగుళాల మా మానిటర్ మాత్రం తమరు వస్తారన్న ఆశతో కేబుల్ వేలాడేసుకుని కూర్చుని ఉంది.

1987లో ఐబీఎం వారి పీఎస్/2 కంప్యూటర్లతో లోకానికి పరిచయమైన తమరు మా ఇంట్లో ఉన్నన్నాళ్లూ తక్కువ సతాయించలేదు. తమరి స్క్రూలు బిగించడానికి బల్ల కిందికి దూరి, గోడకూ పెట్టెకూ మధ్యనున్న బెత్తెడు సందులో చెయ్యి పెట్టి ఎడమది తిప్పుతుంటే, కేబుల్ ఒరిగిపోయి కుడిది పట్టు తప్పేది. పిన్ను వంగితే నాన్నగారు ఊపిరి బిగబట్టి పిన్నీసు మొనతో దాన్ని నిలబెట్టేవారు. (చాలా కేబుళ్లలో తొమ్మిదో పిన్ను పుట్టుకతోనే ఉండదని తెలియక నేనొకసారి దుకాణదారుతో తగువుపడిన మాట ఇప్పుడు అప్రస్తుతం.)

2015 కల్లా తమరిని సాగనంపుతామని ఇంటెల్, ఏఎండీ మొదలైన కంప్యూటర్ సంస్థలు 2010 డిసెంబరులోనే ప్రకటించిన మాట నిజమే కానీ, ఆ నోటీసు మా మానిటర్‌కు అందలేదు. దాని వెలుగు తగ్గలేదు, రంగులు వెలిసిపోలేదు. పాత సామాన్లవాడికి వేయడానికి నాకు చేతులు రాలేదు.

అందుచేత ఎలక్ట్రానిక్ సామాన్లు దొరికే రిచీ స్ట్రీట్‌కు పోయి, ఒక కొసన కొత్త కంప్యూటర్లలో తమరి చోట కూర్చున్న హెచ్‌డీఎంఐ, రెండో కొసన తమరి ముఖం ఉన్న వట్టి కేబుల్ చవగ్గా దొరికిందని సంబరపడి తెచ్చుకుంటే, తెర మీద ‘నో సిగ్నల్’ అన్న ముక్క తప్ప మరేమీ రాలేదు. తమరిది అనలాగ్ భాష. ఎరుపు, ఆకుపచ్చ, నీలాలకు తలా ఒక తీగ, ఆ తీగలో ఎక్కుతూ దిగుతూ ఉండే వోల్టేజీ. హెచ్‌డీఎంఐది అంకెల భాష. నడుమ చిప్పు లేని కేబుల్ ఏ భాషా రాని దుబాసీ అన్నమాట. కంపెనీ దొరల కాలం నుంచి దుబాసీలకు పేరుపడ్డ ఈ పట్నంలో నాకు దొరికిన రెండోవాడికి, అంటే చిప్పున్న కన్వర్టర్‌కు, రెండు భాషలూ వచ్చు గానీ, తమరి మాట హెచ్‌డీఎంఐకి చెప్పగలడే తప్ప దాని మాట తమరికి చెప్పలేడు. “ఇది ఇటునుంచి అటే పోతుంది సార్, మీకు కావలసింది అటునుంచి ఇటు” అని కొట్టు కుర్రవాడు మూడోది చేతిలో పెట్టాడు. ఈయనకు భత్యం కింద యూఎస్‌బీ తీగతో వేరే కరెంటు కూడా సమర్పించుకోవాలి.

అంతటితో అయిందా? 1280×1024 చుక్కల మా మానిటర్‌కు కంప్యూటర్ 1920×1080 వడ్డించింది, అది ‘అవుట్ ఆఫ్ రేంజ్’ అని విస్తరి తోసేసింది. తీరా చూస్తే తప్పు నా పాత కేబుల్‌దే. మానిటర్ తన కొలతలు చెప్పుకునే 12, 15 పిన్నుల తీగలు అందులో లేనే లేవు. అన్ని తీగలూ ఉన్న కేబుల్ మార్చాక బొమ్మ వచ్చింది. కొంచెం ఎడమకు జరిగి వచ్చింది, ‘ఆటో’ మీట నొక్కితే ఒకసారి వణికి సర్దుకుంది.

ఇప్పుడు నా బాధల్లా ఒకటే. హెచ్‌డీఎంఐకి స్క్రూలు లేవు. అమ్మ ఊడ్చేటప్పుడు చీపురు తగిలితే చాలు, దుబాసీగారు ఊడి కిందపడతారు, తెర నల్లబడుతుంది. తమరు రాకపోయినా ఫరవాలేదు గానీ, ఒకప్పుడు నేను నోటికొచ్చినట్టు తిట్టిన ఆ రెండు స్క్రూలనూ దయచేసి పంపించగలరు.

ఇట్లు,
బల్ల కిందినుంచి,
తమరి విధేయుడు